ఎంగిలి పుల్ల

సాంబయ్యకు ఒళ్ళంతా పొగరేనని నూజివీడు బజారంతా అనుకునేది. పలకరిస్తే తల తిప్పడు. అడిగినదానికి బదులు చెప్పడు. చెప్పాడా, పక్క వీధికి వినపడేలా అరుస్తాడు. మామిడి తోటల్లో గంపలు కట్టుకుని బతికిన మనిషికి ఇంత టెక్కేమిటని కొత్తగా వచ్చినవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. "ఆయన చెవి అలాంటిదండీ. పాటల పెట్టె లోపల చీమ నడిచినా పట్టేస్తాడు. ఆ మాత్రం టెక్కు ఉండదేంటి?" అని పాతవాళ్ళు సర్దిచెప్పేవాళ్ళు.

ఆయన చెవి! అయ్యో రాత, ఆ చెవే ఉంటే ఈ కథెందుకు? సాంబయ్య చెవిటివాడు. చిన్నతనంలోనే రెండు చెవులూ చీము కారి కారి మూసుకుపోయాయి. పిడుగు పడితే ఎక్కడో గంప జారిందేమో అనుకునేవాడు. మనిషి మాట మటుకు బొత్తిగా అందేది కాదు. ఎదుటివాడి పెదవులు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొచ్చేవాడు. తోటల్లో కూలివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కానీ కూలివాళ్ళకు తెలిసింది బజారుకు ఎవరు చెప్పబోయారు, చెబితే మాత్రం ఎవరు వినబోయారు? చెవుడంటే ఊరు నవ్వుతుంది. పొగరంటే పక్కకు తొలగి దారిస్తుంది. అందుకని సాంబయ్య పొగరుబోతుగానే ఉండిపోయాడు.

బజారులో అసలు గుట్టు తెలిసినవాడు ఒక్కడే, గ్రంధి శ్రీరాములు గారు. ఆయనది మామిడికాయల కమీషను కొట్టు. ఊళ్ళోకి కరెంటొచ్చాక, రసాలూ బంగినపల్లీ అమ్మిన డబ్బు ఆసాముల చేతుల్లో గలగలలాడటం చూసి, పక్క గదిలో రేడియోలూ రికార్డు ప్లేయర్లూ పెట్టి అమ్మడం మొదలెట్టాడు. లాభం ఎక్కడుందో వాసన పట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు.

ఆ ఏడు కోతల కాలంలో ఒక ప్లేయరును బస్సు మీద విస్సన్నపేట పంపాల్సొచ్చింది. మామిడిపండు కందకుండా కట్టగలిగినవాడు దీన్నీ కట్టగలడని సాంబయ్యను తోటలోనుంచి పిలిపించారు. కొన్నాయన ఎదురుగానే కూర్చుని, కట్టేలోపు చివరిగా ఒక్క పాటంటూ రికార్డు పెట్టించుకున్నాడు. సాంబయ్యకు పాటా తెలియదు, పాడా తెలియదు. అవతల లారీకి గంపలు ఎత్తాలి. పెట్టె కింద గడ్డి సర్ది, చుట్టూ పురికొస తిప్పి, ఎప్పటి అలవాటుకొద్దీ కొసను పళ్ళతో కరిచిపట్టి బిగించి లాగాడు.

లాగినవాడు అలాగే కొయ్యబారిపోయాడు. పాట తలలోకి వచ్చింది. చెవిలోకి కాదు, పంటిలోనుంచి దవడలోకి, దవడలోనుంచి నడినెత్తికి. ఎవరో ఆడమనిషి పాడుతోంది. వెనకాల సన్నాయి. సాంబయ్య కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోట్లో పురికొస వదలడు.

"ఏంటిరా, పన్ను నొప్పా?" అన్నాడు శ్రీరాములు గారు, పెదవులు కనపడేలా ఎదురుగా వచ్చి.

"పాటండీ శెట్టిగారూ! పాట పంట్లోకొచ్చిందండీ!" అని అరిచి, మళ్ళీ కొస కరిచి, కాసేపటికి మొహం చిట్లించాడు. "పాట కింద గేదె నెమరేస్తోందేంటండీ?"

కొట్టు మెకానిక్కు పళ్ళెం ఎత్తి చూశాడు. మోటారు తిరుగుడును పళ్ళేనికి అందించే రబ్బరు చక్రం ఒకవైపు చదునై ఉంది. మామూలు చెవికి అది పాట చాటున దాగిపోతుంది. పంటికి దాగలేదు. కొన్నాయన నోరు తెరిచాడు. శ్రీరాములు గారు మాత్రం లోపల లెక్కలు వేసుకున్నాడు. ఇలాంటివాడు తన కొట్లో ఉంటే, వాడు బాగుందన్న పెట్టె జిల్లా అంతా కళ్ళకద్దుకుని కొంటుంది. అయితే చెవిటివాడు చెప్పాడంటే కొనరు. "ఆయనకు చెవిలో దేవత ఉందండీ, అందుకే లోకంతో మాట్లాడడు," అని ఒక కథ అల్లి వదిలాడు.

అలా సాంబయ్య గంపల దగ్గరనుంచి కొట్టులో ముక్కాలిపీట మీదకు ఎక్కాడు. పురికొస పోయి పుల్ల వచ్చింది. వేప పుల్ల నలిగిపోయింది, వెదురు బద్ద బోలుగా మోగింది. చివరికి ఎండిన తుమ్మ పుల్ల కుదిరింది. ఒక కొస పళ్ళ మధ్య, రెండో కొస పెట్టె మీద. ముందు రికార్డు లేకుండా ఉత్త పళ్ళెం తిప్పించేవాడు. అప్పుడు వినపడేదంతా మోటారు పాపమే. తర్వాత సన్నాయి రికార్డు వేయించేవాడు. సన్నాయి ఒక స్వరం మీద నిలబడితే అది నిలబడాలి. కల్లు తాగినవాడిలా ఊగిందంటే పళ్ళెం తిరుగుడులోనే వంకర ఉంది.

ఇక కాట్రిడ్జి. ముల్లును పట్టుకునుండే ఆ చిన్న డబ్బీలో పటికబెల్లం పలుకులాంటి రాయి ఒకటుంటుంది. ముల్లు వణుకును కరెంటుగా మార్చేది అదే. మన రోహిణీ కార్తె ఎండకు అది లోలోపలే చచ్చిపోతుంది. సాంబయ్య పుల్లను ముల్లు మోసే చేతికి ఆనీ ఆనకుండా ఆనించి వినేవాడు, ఆ తర్వాత స్పీకరు పెట్టెకు ఆనించి వినేవాడు. మొదటిచోట పాట నిండుగా ఉండి, రెండోచోట పీలగా ఉంటే రాయి పోయినట్టే. ఆ ముల్లు చేయి మీద అణా బిళ్ళ పెట్టి బరువు పెంచుకునేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. కాయకు బరువు ఉంటే మంచిదే, ముల్లుకు బరువు ఉంటే రికార్డును దున్నేస్తుంది. ఇది మామిడి వ్యాపారులకు ఎంత చెప్పినా ఎక్కేది కాదు. బరువైనదే మంచి సరుకని వాళ్ళ పుట్టుకలోనే రాసుంది.

ఇదంతా గొప్ప విద్యే, కాదనను. కానీ ఆ విద్యతో పాటు ఆయనకు నోరు కూడా వచ్చింది. పుల్ల విరిచినట్టు మాట్లాడటం అంటారే, సాంబయ్య పుల్ల పట్టుకునే విరిచేవాడు. "ఇది పాడటం లేదు, పురిటినొప్పులు పడుతోంది." "దీన్ని పశువుల ఆసుపత్రికి తోలుకుపో." తన జన్మంతా జనం తనను చూసి నవ్వితే, ఇప్పుడు తన మాటకు జనం ఇంకొకణ్ణి చూసి నవ్వుతున్నారు. ఆ రుచి మరిగాడు.

విస్సన్నపేటలో మైకు సెట్టు పెట్టుకున్న ఇన్నయ్య అలాగే దెబ్బతిన్నాడు. పెళ్ళిళ్ళ ముందు తన ప్లేయరును సాంబయ్య చేత బాగుందనిపించుకుంటే బేరాలొస్తాయని మోసుకొచ్చాడు. కొట్టు నిండా జనం. సాంబయ్య పుల్ల ఆనించి, "చక్రం వంకర, ముల్లు మొద్దు, రాయి శవం. దీన్ని పెట్టిన పెళ్ళిలో తాళి కట్టేలోపు తద్దినం పెట్టాలి," అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ వేసవి ఇన్నయ్యను ఒక్క పెళ్ళికీ ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ముల్లు మార్చుకుంటే సగం బాగుపడేది. ఆ మాట సాంబయ్యకు తెలుసు. చెప్పలేదు.

ఇంటికెళ్ళినా అదే తీరు. భార్య నాగేంద్రమ్మ తోటలో కాయలు ఏరి, మసక పడేవేళకు వచ్చి పొయ్యి వెలిగించేది. ఆమె ఏదో చెబుతుంటే ఈయన ఆమె పెదవుల వైపు కూడా చూసేవాడు కాదు. పగలంతా తలలో నింపుకున్న పాటను మళ్ళీ నెమరేసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయనకు కావలసింది జీతం కాదు, పీటా కాదు. ఆ పుల్ల చివర ఉన్న పాట. అది పోతే మళ్ళీ గోనెసంచిలో తల దూర్చినట్టు బతకాలి. ఆ భయం ఒక్కటే ఆయన్ను రోజూ తెల్లారకముందే కొట్టు అరుగు మీదకు చేర్చేది.

అరవైమూడులో అనుకుంటాను, శ్రీరాములు గారు మద్రాసు ఏజెంటు దగ్గర ఒక పెద్ద ప్లేయరు కొన్నాడు. నున్నటి చెక్క పెట్టె, నాలుగు స్పీడులు, రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి తనంతట తనే వేసుకునే ఏర్పాటు. హనుమాన్ జంక్షనులో లారీలున్న వెంకటరమణ గారికి దాన్ని అంటగట్టాలని పథకం. తెచ్చిన రోజునే సాంబయ్య పుల్ల ఆనించి తల అడ్డంగా ఊపాడు. లోపల ఇరుసు అరిగి ఉంది. వాడేసినదానికి రంగు పూసి అమ్మారు. శ్రీరాములు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరేయ్ సాంబయ్యా, రేపు వెంకటరమణ గారొస్తారు," అన్నాడు పెదవులు సాగదీసి, ఒక్కొక్క మాటా విడదీసి. "బాగుందని చెప్పు. ఒక్క మాట. అర్థమైందా?"

సాంబయ్యకు అర్థమైంది. తనను ఏరు దాటించే తెప్ప ఈ శెట్టిగారేనని కూడా తెలుసు. ఆ రోజంతా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. బాగుందంటే ఏం పోయింది? ఎవడి సొమ్ము?

మర్నాడు పొద్దున్నే వెంకటరమణ గారు వచ్చారు. కొట్టు నిండిపోయింది. ఏదో పని మీద వచ్చిన ఇన్నయ్య కూడా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పళ్ళెం తిరిగింది. సాంబయ్య పుల్ల కరిచాడు. ఆ ఇరుసు మూలుగు పంటిలో కెలికింది. సన్నాయి వేశారు. స్వరం నిలబడలేదు, ఒగర్చింది. బాగుందని చెప్పడానికే నోరు తెరిచాడు. తీరా తెరిచాక, తనకు ఈ లోకంలో వినపడేది అదొక్కటే గదా, దానిమీద అబద్ధం ఎలా ఆడాలో ఆయనకు చేతకాలేదు.

"ముసలి గుర్రానికి మసి పూసి తెచ్చారండీ," అని అరిచాడు. "ఇరుసు పోయింది. కొనబాకండి."

వెంకటరమణ గారు ఉత్తరీయం దులుపుకుని లేచాడు. "ఏంటి శ్రీరాములు గారూ, నన్ను పిలిచి పరాచికాలా?"

కూర్చున్న కొమ్మ నరుక్కున్నాడు సాంబయ్య. అయితే శ్రీరాములు గారు తక్కువ తిన్నవాడు కాదు. చిరునవ్వు నవ్వాడు. "కూర్చోండి బావగారూ. ఒక తమాషా చూపిస్తాను. చూశాక కొనడం మానండి." సాంబయ్యకు మంచి ప్లేయరొకటి పెట్టించి, రికార్డు వేయించి, వినమని సైగ చేశాడు. పాపం, మంచి పెట్టె అనేసరికి పిచ్చివాడు అన్నీ మరిచిపోయాడు. పుల్ల కరిచి కళ్ళు మూసుకున్నాడు. శ్రీరాములు గారు వెనక్కి వెళ్ళి, గొంతు పెంచకుండా, పక్కవాడితో కబురు చెప్పినట్టు అన్నాడు.

"సాంబయ్యా, మీ నాగేంద్రమ్మ తోటలో లారీ కింద పడి పోయిందంటరా."

కొట్టులో అందరూ సాంబయ్య మొహం కేసి చూశారు. సాంబయ్య తల ఊపుతున్నాడు. పాట చరణంలో పడింది కాబోలు, మొహం విచ్చుకుంది.

"శవాన్ని గంపల చాప మీద పడుకోబెట్టారంట. నిన్ను పిలుచుకు రమ్మన్నారు."

సాంబయ్య చిరునవ్వు నవ్వాడు. వేళ్ళతో తొడ మీద తాళం కూడా వేశాడు.

మొదట ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత కొట్టు పైకప్పు లేచిపోయింది. "శంఖం ఊదితే, దాన్ని కొరకడానికి మీ తాతలు దిగిరావాలన్న చెవిటోడి సామెత విన్నాంగానీ, కొరుకుతూ కూర్చున్నోణ్ణి ఇదే చూడ్డం!" అన్నాడు ఇన్నయ్య. నవ్వీ నవ్వీ గుమ్మానికి చేరగిలబడ్డాడు. ఆ నవ్వులో వేసవంతా ఖాళీగా కూర్చున్న కసి ఉంది. వాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు.

నేల అదిరినట్టయి సాంబయ్య కళ్ళు తెరిచాడు. ఎటు చూసినా పళ్ళు. శ్రీరాములు గారు ఎదుటికొచ్చి, తాను వెనకనుంచి అన్న మాటే పెదవులతో నెమ్మదిగా మళ్ళీ పలికాడు. నాగేంద్రమ్మ. లారీ. పోయింది. సాంబయ్య పీట తన్నేసి లేచాడు. "ఓరి దేవుడో!" అని గావుకేక పెట్టి వీధిలోకి పరుగెత్తబోతే నలుగురు రెక్కలు పట్టుకున్నారు. "ఉత్తదేరా, ఉత్తదే! పరీక్ష!" అని చేతులు ఊపి చెప్పారు. అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యేసరికి పంచె తడిసిపోయి ఉంది. దానికి ఇంకో విడత నవ్వారు.

"ఈ చెవిటి సన్నాసి మాట పట్టుకునా బావగారూ మీరు లేచి వెళ్ళేది?" అన్నాడు శ్రీరాములు గారు.

వెంకటరమణ గారు మళ్ళీ కూర్చున్నాడు. అంతలో పెద్ద ప్లేయరు మీద తడి మరక ఆయన కంట పడింది. "ఛీ ఛీ! అయితే ఈ చొంగంతా దేనికండీ నా పెట్టె మీద? వీడి ఎంగిలా?"

చూడండి మాట మహిమ! ఇన్నేళ్ళూ అదే పుల్ల, అదే నోరు, అదే తడి. చెవిలో దేవత ఉన్నంతకాలం ఎవడికీ ఎంగిలి గుర్తురాలేదు. చెవిటివాడని తేలిన క్షణాన ఎంగిలైపోయింది. శ్రీరాములు గారు బకెట్టు తెప్పించి పసుపు నీళ్ళు చిలకరించాడు. కొట్టులో ఉన్న ప్రతి పెట్టెనూ తుడిపించాడు. సాంబయ్య పళ్ళ మీదకు వేలు చూపించి, ఆ వేలే వీధి వైపు తిప్పాడు. "ఇంకోసారి నా సరుకుకు ఎంగిలి పుల్ల తగిలిందో, పళ్ళు రాలగొడతాను."

సాంబయ్య కాళ్ళ మీద పడ్డాడు. అవును, ఆ పొగరుబోతే. జీతం వద్దన్నాడు. ఊరికే కూర్చుంటానన్నాడు. రోజుకొక్క పాట, ఒకే ఒక్కటి, కొట్టు మూసేముందు, కడిగిన పుల్లతో వింటానన్నాడు. బజారంతా వినపడేలా అరిచి అడిగాడు, ఎందుకంటే మెల్లగా అడగడం ఆయనకు తెలియదు. శ్రీరాములు గారు కాలు వెనక్కి తీసుకున్నాడు. ప్లేయరు జంక్షనుకు వెళ్ళింది. వానలు పడకముందే ఇరుసు విరిగి మూలనపడింది. చెవిటివాడు చెప్పిందే నిజమైందని అప్పుడైనా ఒక్కడు అనలేదు.

కొట్టులోంచి గెంటేసిన ఆ సాయంత్రం సాంబయ్య తోట పక్క గుడిసెకు చేరేసరికి కబురు తనకంటే ముందే చేరింది. నాగేంద్రమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తన చావు కబురు చెబితే మొగుడు తాళం వేశాడని తోటి ఆడవాళ్ళు అప్పటికే నవ్విపోయారు. ఆమె లేచింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. ఆయన ముట్టలేదు. పుల్లను గుప్పిట్లో పట్టుకుని గుడిసె నడిమి నిట్టాడి గుంజకు ఆనించాడు, నీళ్ళ కుండకు ఆనించాడు, రెండో కొస కరిచి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. పిల్లవాడిలా ఏడ్చాడు.

నాగేంద్రమ్మ లేచొచ్చి ఎదురుగా కూర్చుంది. పుల్ల చివర పట్టుకుని మెల్లగా తన చెంప ఎముకకు ఆనించుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ ఆలోచన ఆయనకు ఒక్కనాడూ రాలేదు. ఆమెకు ఎప్పుడో వచ్చింది. షావుకార్ల పెట్టెలకు పెట్టే పుల్లను తన మొహానికి పెట్టమని అడగడానికి సిగ్గుపడి ఊరుకుంది. రెండో కొస కరవమని ఆయనకు సైగ చేసింది. కరిచాడు.

"ఏవయ్యా," అంది. "నేను చావలేదు. ఇదిగో, ఇక్కడే ఉన్నాను. వినపడుతోందా?"

సాంబయ్య కన్నీళ్ళు ఆగిపోయాయి. పెళ్ళాం గొంతు మొట్టమొదటిసారి ఆయన తలలోకి వచ్చింది. ఎండలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, గడ్డి దుమ్ము మింగిన గొంతు. ఆమె ఆశగా చూస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని, తల ఓరగా వంచి, కొట్టులో పెట్టెను విన్నట్టే శ్రద్ధగా విన్నాడు. పుల్ల నోట్లోంచి తీసి, అలవాటు చొప్పున అరిచాడు.

"గరగర. లోపల అంతా అరిగిపోయింది. పనికిరాదు."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నాలుక కరుచుకున్నాడు, చేయి చాచాడు. అప్పటికే నాగేంద్రమ్మ పుల్ల లాక్కుంది. మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. అటు తిరిగే ఏదో అంది. పెదవులు కనపడలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఏమన్నావని అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెప్పలేదు.